జమైకాకి పంపిన పెళ్ళి డిస్కు

రాయగడలో సుందరం మావయ్యని సమాధి చేస్తున్నంతసేపూ ఆయన కూతురు దోహాలో తన గదిలో కూర్చుని అంతా చూసింది. ఫోను పట్టుకుని గుంట పక్కన నిలబడింది నేనే. పాస్టరు గారి ప్రార్థన, పెట్టె మీద మొదటి మట్టి పడిన చప్పుడు, అన్నీ ఆ క్షణంలోనే ఆమెకి చేరాయి. ఆమె ఏడుపు నా అరచేతిలోంచి ఇక్కడ అందరికీ వినిపించింది. మర్నాడు మావయ్య కొట్టు ఖాళీ చెయ్యడానికి నేనూ మా అప్ప సుగుణా వెళ్ళాం. మావైపు అక్కని అప్ప అనే పిలుస్తాం. షట్టరు ఎత్తగానే వేడెక్కిన ప్లాస్టిక్కూ పాత తెరగుడ్డా కలిసిన వాసన వచ్చింది. లోపల గోడకి, ఫోటోలకి వెనక కట్టే ఆ నీలం తెర ఇంకా వేలాడుతూనే ఉంది, అంచులు తెల్లబడిపోయి. అప్ప గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఆ కొట్టులో మేం గడిపిన ఆ ఏడాది గురించి ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తానని అప్పకి చెప్పాను. రాసుకోమంది.

మేం పుట్టి పెరిగింది దామంజోడి క్వార్టర్లలో. నాన్న అక్కడ అల్యూమినా ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ చూసే టెక్నీషియను. షిఫ్టు దిగి వచ్చేసరికి బట్టల్లోంచి ఫ్యాక్టరీలో వాడే కాస్టిక్ సోడా ఘాటు వచ్చేది. పెరట్లో కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, ఆ తరవాతే మమ్మల్ని ముట్టుకునేవాడు. ఇంట్లో ఏ వస్తువు పాడైనా కొత్తది కొననిచ్చేవాడు కాదు. వార్తలు నిలబడే వినేవాడు, కూర్చుంటే నిద్ర వస్తుందని. అమ్మ మిషను బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పేది. తెల్లవారగానే స్టవ్వు మీద రాగి అంబలి ఉడుకుతుంటే ఒక చేత్తో గరిట తిప్పుతూ, ఇంకో చేత్తో బైబిలు పట్టుకుని పైకి చదివేది. అంబలి అడుగంటిన రోజు ప్రార్థన చిన్నదయ్యేది. ఆదివారం మధ్యాహ్నం ఎండు రొయ్యలు వేయించిన వాసన మా ఇంటినుంచే కాక ఆ వరసలో ఉన్న తెలుగు ఇళ్ళన్నిటినుంచీ వచ్చేది. ఎవరింట్లో ముందు వేగితే వాళ్ళింటికి మిగతావాళ్ళ పిల్లలు చేరేవారు. ఆ వరసలోనే పీటరు గారు ఉండేవారు. నాన్నకి ప్రాణస్నేహితుడు. ఒకే షిఫ్టు, ఒకే స్కూటరు. ఉద్యోగం అయిపోయాక ఆయన పార్వతీపురంలో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోతుంటే నాన్న స్టేషన్లో కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

తరవాత ఒక కాంట్రాక్టరు ద్వారా నాన్న జమైకా వెళ్ళాడు. అక్కడా ఇలాంటి ఫ్యాక్టరీయేనట. మొదటి ఫోన్లోనే, "ఇక్కడ మట్టి కూడా మన పొట్టంగి కొండ మట్టిలాగే ఎర్రగున్నాది అమ్మీ, బట్టలు ఉతికితే అదే రంగు" అన్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. అమ్మ తన అన్నగారి ఊరు రాయగడకి బడి మార్పించుకుంది. కింద మావయ్య వీడియో కొట్టు, పైన రెండు గదుల్లో మేం. సుందరం మావయ్య పెళ్ళిళ్ళూ బాప్తిస్మాలూ సమాధులూ అన్నీ తీసేవాడు. ఒరియా, తెలుగు, కొండవాళ్ళు అన్న తేడా లేకుండా అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. నేను కాలేజీలో చదువుతూ మధ్యాహ్నాలు కింద కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. టేపులోంచి బొమ్మ ఎక్కించడం, దగ్గులూ తుమ్ములూ కోసెయ్యడం, పాట కలపడం, అంతా డిస్కు మీదికి కాల్చడం, అంటే రాయడం, మావయ్యే నేర్పాడు. అప్ప కోరాపుట్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికినప్పుడు సొరంగాలు దాటుకుంటూ వచ్చే రైల్లో దిగేది. వచ్చిన గంటకే అమ్మ చేతిలో పని లాక్కునేది. ఇల్లంతా దాని నవ్వే.

అప్పకి సంబంధం కుదిర్చింది నాన్నే. పీటరు గారి అబ్బాయి సునీల్, బొబ్బిలిలో ఏదో ఆఫీసులో గుమాస్తా. నాన్న ఫోన్లోనే మాట ఇచ్చేశాడు. పీటరు గారి తల్లి మంచంలో ఉందని, ఆవిడ కళ్ళముందే జరగాలని వాళ్ళు తొందరపెట్టారు. నాన్నకి సెలవు దొరకలేదు. "నాను నేకపోతే ఏటి? నా తరపున సుందరం బావ నిలబడతాడు. మొత్తం బొమ్మ తీయించి డిస్కు పంపండి, ఇక్కడ కూకుని సూసుకుంటాను" అన్నాడు. మావయ్య ఆ పెళ్ళిని తన సొంత కూతురి పెళ్ళికంటే శ్రద్ధగా తీశాడు. అప్పని తండ్రి స్థానంలో చర్చి లోపలికి నడిపించింది ఆయనే కాబట్టి, ఆ కాసేపూ కెమెరా నా చేతికిచ్చాడు. తెల్లచీరలో అప్ప నడుస్తూ ఒక్కసారి కెమెరా కేసి చూసింది. నన్ను కాదు, నాన్నని చూసిన చూపు అది. పెళ్ళయ్యాక అప్ప కోరాపుట్ వదిలి పార్వతీపురంలో పీటరు గారింటికి వెళ్ళి, అక్కడే ఒక ఆసుపత్రిలో చేరింది; సునీల్ రోజూ బొబ్బిలికి వెళ్ళొచ్చేవాడు.

డిస్కు పంపాం. చేరడానికి చాలా రోజులు పట్టింది. చేరిన శనివారం నాన్న ఫోను. "అమ్మీ, బొమ్మ రావట్నేదే. నలుపు తెలుపులో కిందనుంచి పైకి దొర్లిపోతంది. మాటలు మాత్రం ఇనిపిస్తన్నాయి. మీ అప్ప ఒప్పుకుంటున్నానని సెప్పింది ఇన్నాను. మొకం మాత్రం కనపళ్ళేదు." మావయ్య రిసీవరు లాక్కుని, "తప్పు నాదే బావా, సరిచేసి పంపుతాను" అన్నాడు.

సరిచెయ్యడం ఎలాగో మాకూ తెలీదు. దేశానికో తాళం వేసి డిస్కులు అమ్ముతారని, మన డిస్కు ఆ దేశం తాళానికి తెరుచుకోలేదని మావయ్య మొదట అనుకున్నాడు. విశాఖపట్నంలో ఖాళీ డిస్కులు అమ్మే కొట్టతన్ని అడిగితే, ఆ తాళాలు సినిమా కంపెనీలవాళ్ళు తమ డిస్కులకి వేసుకునేవి, ఇంట్లో కాల్చిన డిస్కుకి తాళమే ఉండదని చెప్పాడట. అసలు గొడవ వేరు. మన దగ్గర టీవీలో సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు కదుల్తాయి, ఒక్కో బొమ్మని గీసే అడ్డగీతలు ఎక్కువ. అక్కడ ముప్పై బొమ్మలు, గీతలు తక్కువ. మనది పాల్ పద్ధతి, వాళ్ళది ఎన్‌టీఎస్‌సీ. మన ప్లేయర్లు రెండూ ఆడిస్తాయి కాబట్టి మనకి తేడా తెలీదు. అక్కడివి వాళ్ళదే ఆడిస్తాయి. మొత్తం పెళ్ళిని ఆ పద్ధతిలోకి మార్చి మళ్ళీ కాల్చాలి. మా కంప్యూటరుకి అది పొద్దుటినుంచి సాయంత్రం దాకా పని. మధ్యలో కరెంటు పోతే మొదటికి వస్తుంది. పక్క జెరాక్సు కొట్టు ఒరియా అబ్బాయి కరెంటు పోగానే "లైన్ గలా!" అని అరిచాడంటే ఆ రోజు అయిపోయినట్టే. వర్షాకాలం కావడంతో అది రోజూ అరిచే అరుపే అయింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అప్ప బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచి లేదు. కుడి మణికట్టుకి పాత చీరముక్క చుట్టి ఉంది. నేను కంప్యూటరు దగ్గరే ఉన్నాను. తెర మీద దాని పెళ్ళి నడుస్తోంది, కేకు ముక్క నోటికి అందిస్తున్నాడు సునీల్. అప్ప గుమ్మంలో నిలబడి ఆ తెర కేసి చూసి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. మావయ్య వెనకే పరిగెత్తాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఎముక విరిగిందన్నారు. ఎలా విరిగిందని డాక్టరు అడిగినప్పుడు, "తలుపు పడింది" అంది. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, "తలుపు సందులో నా సెయ్యెట్టి మూసేడమ్మా" అంది.

ఇంట్లో నవ్వే మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అమ్మ అంబలి కాచడం మానలేదు, పైకి చదవడం మాత్రం మానేసింది. అమ్మది ఒకటే మాట: "మీ నాన్నకి ఇప్పుడే తెలవకూడదు. ఒక్కడూ ఉన్నాడు, బీపీ మనిషి. పాస్టరు గారు ఎల్లి మాటాడతానన్నారు. సర్దుకుంటాది." పాస్టరు గారు వెళ్ళొచ్చారు. కాపరం అన్నాక చిన్నచిన్నవి ఉంటాయని, అమ్మాయిని దిగబెట్టమని పీటరు గారు చెప్పి పంపారట. అప్ప వినలేదు. శనివారం నాన్న ఫోను చేస్తే అమ్మ రిసీవరు పట్టుకుని, "అందరూ బాగున్నారండి. పిల్ల అత్తారింట్లో బాగుంది" అనేది, అప్ప అదే గదిలో కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా.

ఇంతలో పెళ్ళి డిస్కు తయారైంది. పంపాలా వద్దా అని మావయ్య దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. చివరికి అమ్మే, "పంపీ అన్నా. ఆయన ఒక్కసారి కళ్ళారా సూసుకోనీ" అంది. పంపాడు. ఈసారి బొమ్మ నిలబడింది. నాన్న ఫోను చేసినప్పుడు వెనకాల పది గొంతుల కేకలు. తనతో పనిచేసేవాళ్ళనందరినీ పిలిచి, కోడిపలావు వండి, మొత్తం పెళ్ళి చూపించాడట. అమ్మతో అన్నాడు: "రంగులు సూడాల రత్నం! మన సుగుణ దేవదూతలా ఉన్నాది. ఇక్కడోళ్ళు సప్పట్లు కొట్టేరు. పీటరుకి ఫోన్సేసి సెప్పేను, నా జన్మ దన్యమైపోనాదిరా అని." అప్ప లేచి వచ్చి అమ్మ చేతిలోంచి రిసీవరు తీసుకుంది. "నాన్నా" అంది. అటునుంచి నాన్న, "అమ్మీ! నువ్వొచ్చేవా? అల్లుడు గారేరీ? ఓపాలి ఇయ్యి" అంటూ ఆగడం లేదు. అప్ప రెండుసార్లు నోరు తెరిచింది. నాన్న ఫోను కార్డులో డబ్బు అయిపోయి లైను తెగిపోయింది.

రిసీవరు పెట్టేసి అప్ప మావయ్య వైపు తిరిగింది. "మావయ్యా, నన్ను బొమ్మ తియ్యి. అక్కడ ఆడేటట్టు తీసి పంపు."

"ఫోన్లో సెప్పుకోవచ్చు కదే అమ్మీ" అన్నాడు మావయ్య.

"ఫోన్లో సెప్తే మద్దిలో మాటడ్డుతాడు. కార్డైపోతాది. బొమ్మకి అడ్డు సెప్పలేడు. మొత్తం ఇనాల."

అమ్మ ఒప్పుకోలేదు. సంతోషంగా ఉన్న మనిషి గుండె పగలగొడతావా అంది. పాస్టరు గారికి మొహం ఎలా చూపించాలంది. "నువ్వేదో సెయ్యి, నాను కిందకి రాను" అని తలుపు వేసుకుంది. మర్నాడు పొద్దున్న కొట్టులో నీలం తెర ముందు, పాస్‌పోర్టు ఫోటోలకి వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద అప్ప కూర్చుంది. పెట్టెలో ఉన్న పాత నర్సు చీర కట్టుకుంది. మావయ్య లైటు సర్దుతూ రెండుసార్లు మానేసి వెనక్కి జరిగాడు. అప్పే, "కానీ మావయ్యా" అంది.

"నాన్నా, నాను సుగుణని. ఇది పెళ్ళి బొమ్మ కాదు. ఆపకుండా మొత్తం ఇను. సునీల్ నన్ను కొట్టేడు. మొదటిపాలి కొట్టినప్పుడు నీకు సెప్పలేదు, ఎందుకంటే నువ్వు ఏరి ఇచ్చిన మనిషి. ఆసుపత్రి గేటుకాడ నిలబడి ఎవడితో మాటాడేవు, ఎవడితో నవ్వేవు అని అడిగేవోడు. తరవాత డ్యూటీ మానిపించేడు. ఆడు బయటికెల్తే నన్ను గదిలో ఎట్టి తాళమేసేవోడు. నాను మూలుగుతుంటే మీ పీటరు గారు టీవీ సౌండు పెంచేవోరు." చెయ్యి ఎత్తి కట్టు చూపించింది. "ఇది తలుపులో ఎట్టి మూసేడు. నా సర్టిఫికెట్లన్నీ వాళ్ళ బీరువాలో ఉన్నాయి. అవి నేకపోతే నాకు ఏ ఆసుపత్రిలోనూ పనివ్వరు. నాను మళ్ళీ ఆ ఇంటికి ఎల్లను. నువ్వు నా ఎనకాల నిలబడాల. ఇంకేటీ అడగను నాన్నా."

అంతవరకూ ఒక్క చుక్క నీళ్ళు రానివ్వలేదు. మావయ్య కెమెరా ఆపబోతుంటే మెట్ల మీద చప్పుడైంది. అమ్మ ఎప్పుడు దిగిందో, ఎంత విందో తెలీదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి అప్ప పక్కన నిలబడి, నాన్న ఎదట ఎప్పుడూ తలెత్తి మాట్లాడని మనిషి, కెమెరాలోకి సూటిగా చూసింది. "అది సెప్పింది నిజవేనండి. మీకు దాసింది నాను" అంది.

"ఒక్క ముక్క కూడా కొయ్యకు సిన్నమ్మీ" అన్నాడు మావయ్య నాతో. కొయ్యలేదు. మార్చడానికి పెట్టిన మొదటిసారే కరెంటు సాయంత్రం దాకా పోకుండా నిలబడింది. కానీ సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మొదటినుంచి చివరిదాకా నేను చూడాల్సి వచ్చింది. టీవీ సౌండు పెంచేవారు అన్నచోట అప్ప గొంతు చిన్నగా జారింది. ఆ పొద్దున్న ఎదురుగా కూర్చుని వింటున్నప్పుడు అది నాకు తెలియలేదు. మా వరసలో ఆదివారాలు ఎండు రొయ్యలు పెట్టిన పీటరు గారు కళ్ళముందుకొచ్చి, లేచి బయటికి వెళ్ళిపోయాను.

డిస్కు చేరిందని కొరియరువాడు చెప్పాక ఒక శనివారం ఫోను రాలేదు. ఇంకో శనివారం కూడా రాలేదు. అమ్మ బడికి సెలవుపెట్టి ఫోను పక్కనే కూర్చుంది. చివరికి వచ్చింది. అమ్మతో మాట్లాడకుండా అప్పని పిలవమన్నాడు. రిసీవరు గట్టిగా వినిపించే రకం, గదిలో అందరికీ వినపడింది. "అమ్మీ, సూసేను. నాకు తిండి సయించట్నేదు. పీటరు ఫోన్సేసేడు. కుర్రోడు కోపిష్టి గానీ సెడ్డోడు కాదంటన్నాడు. కేసులూ గీసులూ వొద్దమ్మీ. నానొచ్చేదాకా ఆగు. వీలైతే ఓపాలి ఎల్లి సర్దుకుని సూడు. ముప్పై ఏళ్ళ స్నేహం."

అప్ప రిసీవరు చాలా నెమ్మదిగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, దాని స్థానంలో పెట్టింది. ఆ తరవాత నాన్న ఎన్నిసార్లు ఫోను చేసినా దగ్గరికి రాలేదు. చెయ్యి కుదిరాక చర్చి నడిపే చిన్న వైద్యశాలలో కట్లు కట్టడానికి వెళ్ళేది. సర్టిఫికెట్లు లేనిదే ఉద్యోగం ఇవ్వలేమని కోరాపుట్ ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఒకరోజు సునీల్ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని కొట్టు ముందు దిగాడు. మావయ్య షట్టరు సగం దించి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "పిల్ల రానంటంది. నువ్వు ఎల్లు" అన్నాడు. బజారంతా చూస్తోంది. "ఆళ్ళ నాన్నే ఎల్లమన్నాడు, మజ్జిలో నువ్వెవుడివి?" అన్నాడు సునీల్. పైన కిటికీ దగ్గర అప్ప ఆ మాట విన్నది. దాని మొహంలో అప్పుడు కనిపించింది నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు, చూడకూడదు కూడా.

నాన్న చెప్పాపెట్టకుండా వచ్చాడు. కాంట్రాక్టు పూర్తికాలేదు. తలుపు తీస్తే గడ్డం మాసిపోయి, చంకలో ప్లాస్టిక్ సంచి. ఎందుకొచ్చాడో తరవాత అమ్మకి చెబుతుంటే విన్నాం. అప్ప డిస్కుని గదిలో ఒక్కడూ మళ్ళీ మళ్ళీ పెట్టుకునేవాడట. ఒకరోజు ఆయన షిఫ్టు ఫోర్‌మన్, ముగ్గురు ఆడపిల్లల తండ్రి, ఏదో పనిమీద గదికి వచ్చి తెర మీద అప్పని చూశాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. నిలబడి చివరిదాకా చూసి, "ఈ పిల్ల చెయ్యి ఎవరు విరిచారు?" అన్నాడట. నాన్న చెప్పాడు. "ఇప్పుడెక్కడుంది?" అని అడిగితే, తిరిగి అక్కడికే వెళ్ళమన్నానని చెప్పడానికి నోరు రాలేదట. అలా బయల్దేరినవాడు విశాఖపట్నంలో రైలెక్కి, ఇంటికి రాకుండా ముందు పార్వతీపురంలో దిగాడు. పీటరు గారి ఇంట్లో, వాళ్ళ టీవీలోనే, డిస్కు పెట్టించాడు. పీటరు గారు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. ఆయన భార్య చివరిదాకా కూర్చుని, లోపలికి వెళ్ళి బీరువా తెరిచి, అప్ప సర్టిఫికెట్ల సంచి తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

ఆ సంచి నాన్న అప్పకి అందించాడు. అప్ప ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

"నాకు ఇంతని తెలవలేదు అమ్మీ" అన్నాడు నాన్న.

"సెప్పేను కదా నాన్నా."

నాన్న తల వంచుకున్నాడు. "సెప్పేవు. ఇన్నాను. ఇని కూడా ఎల్లమన్నాను."

అప్ప సర్టిఫికెట్లన్నీ మళ్ళీ సంచిలో పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే కోరాపుట్ రైలుకి బయల్దేరింది. నాన్న దాని పెట్టె మోసుకుంటూ స్టేషను దాకా వెనకే నడిచాడు. విడాకుల కేసు నడిచినన్నాళ్ళూ ప్రతి వాయిదాకీ ఆయనే వెంట వెళ్ళాడు. పీటరు గారి పేరు మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు. అప్ప మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు, అదే ఆసుపత్రిలో ఎదిగి, ఇప్పుడు నర్సులందరికీ పెద్దగా ఉంది. నాన్నకి పక్షవాతం వస్తే కోరాపుట్ తీసుకెళ్ళి తన క్వార్టర్లో ఉంచుకుంది. తినిపించింది, ఒళ్ళు తుడిచింది. ఆయన పోయేదాకా ఇద్దరి మధ్యా మందుల మాటలూ భోజనం మాటలే నడిచాయి.

ఇప్పుడు మా అమ్మాయి భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉంటుంది, ప్రతి సాయంత్రం బొమ్మతో మాట్లాడుతుంది. బొమ్మ దొర్లిపోదు, రంగు పోదు, చేరడానికి వారాలు పట్టవు. నా కూతురి మొహాన్ని మా నాన్న ఎన్నడూ నోచుకోనంత స్పష్టంగా చూస్తాను. అయినా నా కంటికి కనపడేది తను చూపించినంతే. తినేవా అంటే తిన్నాను అంటుంది, బాగున్నావా అంటే బాగున్నాను అంటుంది. శనివారాలు ఫోన్లో అమ్మ నాన్నకి చెప్పిన మాటలే అవి. అప్పట్లో ఒక మాట చేరాలంటే అంత అవస్థ పడాల్సి వచ్చింది కాబట్టి అప్ప కూర్చుని మొత్తం చెప్పింది. నాన్న కూర్చుని మొత్తం విన్నాడు. విన్నా చాలలేదు. ఎవరైనా ఎవరినైనా ఎప్పుడైనా పిలవగలిగే ఈ రోజుల్లో అంతసేపు అడ్డు రాకుండా వినేవాళ్ళం ఎంతమందిమి ఉన్నామో నాకు తెలీదు. నన్ను నేను ప్రశ్నించుకున్నా జవాబు బాగుండదు.

కొట్టు సర్దడం సాయంత్రానికి అయింది. తెర దించి మడతపెడుతుంటే, ఇన్నేళ్ళూ అడగలేనిది అప్పని అడిగాను. "అప్పా, నాన్నని నువ్వు చమించేవా?"

"ఆయన్ని సూసుకున్నాను కదే" అంది.

"నానడిగింది అది కాదు."

"నాను సెప్పింది అదే" అంది అప్ప. రైలు టైమవుతోందని సంచి భుజానికి తగిలించుకుని, నాకోసం ఆగకుండా స్టేషను వైపు నడిచింది.